మట్టి సంచుల ఇల్లు: ఎక్కడ మిగుల్చవలెను, ఎక్కడ మిగుల్చరాదు

(బళ్ళారియందు మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసపు పూర్తి పాఠము)



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన మాట మీరెరుగనిది కాదు. పెండ్లి సంగతి మరియొకనాడు చెప్పుకొందము. నేడు ఇంటిని గూర్చి మాత్రమే మనవి చేయదలచితిని.

మన సంఘమునకు వచ్చుచున్న సహాయపు అర్జీలలో ఇంటికై వచ్చునవే హెచ్చు. ఒకరికి గోడ కూలినది. ఒకరికి మిద్దె కారుచున్నది. ఒకరు వడ్డీకి అప్పు తెచ్చి పునాది వేసి, పై గోడలకు డబ్బు చాలక, ఇనుప చువ్వలను ఎండకును వానకును వదలి కూర్చుండిరి. ఇట్టి కుటుంబములకు సంచులలో మన్ను నింపి పేర్చి గోడలు కట్టు పద్ధతి ఉపకరించునా యని కార్యవర్గమువారు నన్నడిగిరి. నేను ఖాళీ సంచుల వ్యాపారిని గనుక సంచుల మంచిచెడ్డలు నాకు తెలియునని వారి నమ్మకము. సంచులమ్మువాడు సంచుల ఇంటిని మెచ్చుకొనక యేమి చేయునని మీలో కొందరు మనసులో అనుకొనవచ్చును. అందుచేత ముందే చెప్పుచున్నాను. సంఘము ఈ పని తలపెట్టిన యెడల నా అంగడి నుండి వచ్చు సంచులకు వెల పుచ్చుకొనను. ఇక నా మాటను వ్యాపారి మాటగా గాక, మీలో ఒకని మాటగా వినవలెనని ప్రార్థన.

నేను చెప్పదలచిన సారాంశమొక్కటే. సంచుల గోడ మంచి గోడయే. కాని గోడలో మిగిలిన డబ్బును పునాదికిని కప్పునకును వెచ్చింపని యెడల అది మంచి ఇల్లు కానేరదు. మనము కాపురముండుటకు ఒప్పుకొనని ఇంటిని, చౌక యను పేరు పెట్టి పేదవానికి అంటగట్టరాదు.

మట్టి మనకు క్రొత్త గాదు

మట్టితో ఇల్లు కట్టుట మనకు ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. బళ్ళారి, అనంతపురము, కర్నూలు సీమలలో తరతరములుగా మన పూర్వులు కాపురమున్నవి మట్టి మిద్దెలే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆ రాష్ట్రమున చేరినవి. బళ్ళారియు తక్కిన తాలూకాలును మైసూరు రాష్ట్రమున చేరినవి. గీత మనుష్యుల నడుమ పడినది గాని ఇండ్ల నడుమ పడలేదు. ఆదోని మిద్దెయు బళ్ళారి మిద్దెయు ఒక్క తల్లి బిడ్డలే. మనము మిద్దె యనుదానినే మన కన్నడ సోదరులు మాళిగె యందురు.

ఆ మిద్దె కట్టు విధము మీ పెద్దలనడిగిన చెప్పుదురు. దళసరి గోడలు, వాటిపై దూలములు, దూలములపై వాసములు, వాసములపై సన్నని కట్టెలు, వాటిపై ఆకులలములు, ఆపైన మన్ను, అన్నిటికిని మీద చౌడు మన్ను. చౌడు మన్ను తడిసినపుడు దాని సన్నని కణములు విడివడి సందులను మూసివేయును. అందువలన నీరు క్రిందికి దిగదు. పొలమునకు పనికిరాని మంటిని ఇంటి నెత్తిన పెట్టి పని చేయించుకొనిన బుద్ధిమంతులు మన పూర్వులు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతమున గుండ్రని మట్టి గోడలపై తాటాకు కప్పిన చుట్టిండ్లును ఇట్టివే. అచ్చట తుపాను గాలి గుండ్రని గోడ చుట్టును జారిపోవును గాని, ఒక ముఖమున నిలువుగా తాకజాలదు.

అట్లయిన మట్టి ఇంటికి చెడ్డపేరెందుకు వచ్చినది? 2009వ సంవత్సరము సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట తుంగభద్రయు కృష్ణయు పొంగినప్పుడు కర్నూలు పట్టణము మునిగినది. ఉత్తర కర్ణాటకమున పల్లెపల్లెకు మట్టి గోడలు కూలినవి. ఆ గోడలు కూలినది మట్టివి యగుటచేత మాత్రమే గాదు. అడుగున నీరు నిలిచినందువలనను, ఏటేట నెత్తిన చౌడు వేయుట మానినందువలనను కూలినవి. మట్టి గోడకు అడుగు తడవరాదు, నెత్తి తడవరాదు. ఈ రెండు మాటలు నేడు నేను చెప్పు సమస్తమునకును పునాది.

ఈ పద్ధతి ఎచ్చట నుండి వచ్చినది?

సంచిలో మన్ను నింపి అడ్డముగా పేర్చుట సైనికులు బహుకాలము నుండి చేయుచున్న పని. ఏటి గట్టు తెగినపుడు మన రైతులును అదే చేయుదురు. దానిని కాపురపు ఇంటికి తగిన కట్టడముగా తీర్చిన వారిలో ముఖ్యుడు నాదిర్ ఖలీలీ యను వాస్తుశిల్పి. ఆయన 1936లో ఇరానులో జన్మించెను. పెద్ద కట్టడములకు నమూనాలు గీయు వృత్తిలో పేరు పొందియు, 1970ల నడుమ దానిని విడిచి, ఇరాను ఎడారి పల్లెలలో తిరిగి మట్టి ఇండ్లను పరిశీలించెను. పిమ్మట అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున హెస్పీరియా యను ఊర ఒక శిక్షణ సంస్థను నెలకొల్పి, పొడవైన సంచులలో తడిమన్ను నింపి వరుస వరుసకు నడుమ ముళ్ళతీగ పరచి గుమ్మటములు కట్టు విధానమును నేర్పెను. 1995లో ఇరానులోని ఒక శరణార్థుల శిబిరమున ఈ విధముగా గుడిసెలు కట్టించిరి. ఈ కట్టడములకు 2004లో ఆగాఖాను వాస్తు పురస్కారము లభించెను. ఖలీలీ 2008లో కీర్తిశేషుడయ్యెను.

2015 ఏప్రిలు 25వ తేదీన నేపాళమున 7.8 తీవ్రతగల భూకంపము వచ్చి లక్షలాది ఇండ్లు నేలమట్టమయ్యెను. అప్పుడచ్చట సంచులతో కట్టియున్న కట్టడములు కొన్ని స్వల్ప బీటలతో నిలిచినవి. ముళ్ళతీగ పైసంచిని క్రిందిసంచితో పట్టియుంచుటయే దీనికి ముఖ్య కారణము. రాళ్ళు మట్టితో పేర్చిన గోడ ఊగినప్పుడు విడిపోవును. ముళ్ళు పట్టిన సంచుల గోడ యంతయు ఒక్కటిగా కదలును.

బళ్ళారి, భూకంప భయము మిక్కిలి తక్కువగా గల రెండవ మండలములోనిది. మనకు భూకంపము కంటె ఎండయు, అప్పుడప్పుడు ఒక్కసారిగా విరుచుకొనిపడు వానయు ముఖ్యమైన చిక్కులు. ఎండ విషయమున దళసరి మట్టి గోడకు సాటి లేదు. పగటి వేడి అది దాటి లోపలికి వచ్చుటకు చాల గంటలు పట్టును. వాన విషయమున మాత్రము మన జాగ్రత్తయే మనకు రక్ష.

మన్ను ఎట్టిది, సంచి ఎట్టిది?

మన సీమలో రెండు మన్నులు ప్రక్కప్రక్కనే యుండును. నల్లరేగడి ప్రత్తికిని జొన్నకును బంగారము. గోడకు మాత్రము శత్రువు. తడిసిన ఉబ్బును, ఎండిన చీలును. దానిని సంచులలో నింపరాదు, దానిపై నేరుగా పునాది నిలుపరాదు. గోడకు కావలసినది ఎర్రమన్ను లేక గరుసు మన్ను. మూడుపాళ్ళలో ఒక పాలు బంక, రెండుపాళ్ళు ఇసుకయు గరుసునుండిన చాలును.

పరీక్షకు యంత్రములక్కరలేదు. ఒక గాజు సీసాలో మూడవ వంతు మన్ను వేసి, నిండ నీరు పోసి, బాగుగా కదిలించి ఒక దినము కదల్చక ఉంచుడు. ఇసుక అడుగున, ఒండ్రు నడుమ, బంక పైన పొరలుగా నిలుచును. పొరల మందము చూచి పాళ్ళు తెలిసికొనవచ్చును. తరువాత కొంచెము తడిపిన మంటిని పిడికిట పిసికి ఉండ చేసి, భుజము ఎత్తు నుండి నేలపై వదలుడు. ఉండ పొడిపొడిగా చెదరిన తడి చాలదు లేక బంక తక్కువ. పిండివలె అణగి అతుకుకొనిన తడి హెచ్చు. నాలుగైదు ముక్కలుగా విరిగిన సరియైనది. ఎరువు గల పైమన్ను వాడరాదు. అందులో వేళ్ళును చెత్తయు కుళ్ళి గోడలో గుంతలు పడును.

ఇక సంచులు. బజారున దొరకునవి రెండు విధములు. ఒకటి జనుపనార గోనె. ఆహార ధాన్యములను జనుపనార సంచులలో నింపవలెనను 1987 నాటి చట్టము వలన గోనెలు మన బజారునకు వచ్చుచునే యున్నవి. గోనె ఎండకు ఓర్చును గాని తడికి కుళ్ళును, చెదలకు ఆహారమగును. రెండవది పాలీప్రొపిలీను పోగులతో నేసిన తెల్ల సంచి. బియ్యము, సిమెంటు, చక్కెర వచ్చునది ఇందులోనే. ఇది తడికి కుళ్ళదు, చెదలకు లొంగదు. కాని ఎండ తగిలిన కొన్ని మాసములలోనే పొడియై రాలును. కాబట్టి మన పనికి తెల్ల సంచియే తగినది. అయితే కట్టునప్పుడును దానిని ఎండ నుండి కప్పియుంచవలెను, గోడ లేచిన వెంటనే పూత పూయవలెను.

పాత సంచి కొనునప్పుడు రెండు చేతుల పట్టి గట్టిగా లాగి చూడుడు. చిరచిర శబ్దముతో పోగులు విడివడిన అది ఎండకు చచ్చిన సంచి, ఊరక ఇచ్చినను తీసికొనరాదు. అచ్చు తప్పుపడి మిల్లులు తిరస్కరించిన క్రొత్త సంచులు తక్కువ వెలకు దొరకును. వాటికంటె మంచివి లేవు. పురుగుల మందు వచ్చిన సంచులను ఇంటి దరిదాపులకు రానీయకుడు.

కట్టు విధానము

మొదట గట్టినేల తగులువరకు కందకము త్రవ్వి, అందులో రాళ్ళను, విరిగిన కాంక్రీటు ముక్కలను, కంకరను నింపి దిమ్మిసతో కొట్టవలెను. నల్లరేగడి లోతుగా నున్న చోట ఈ పని ఇంజనీరును అడుగక చేయరాదు. నేలకు పైన మొదటి మూడు వరుసలలో మన్ను గాక కంకరయే నింపవలెను. ఒక సంచిలో మరియొక సంచి తొడిగి నింపిన మరియు మంచిది. నేలలోని చెమ్మ మంటిని పట్టుకొని పైకి ప్రాకును. కంకరలో ఖాళీలు గలవు గనుక ప్రాకజాలదు. అడుగు తడవరాదని చెప్పితిని గదా, ఆ మాటకు అర్థమిదియే.

పిమ్మట మన్ను సంచులు. నింపిన సంచిని మోయుట మూఢత్వము. ఖాళీ సంచిని గోడపైననే నిలిపి, చిన్న డబ్బాలతో మన్ను పోసి, మూతిని దబ్బనముతో పురికొస వేసి కుట్టి, లేక మడిచి, ముందు పెట్టిన సంచికి ఆనించి పరుండబెట్టవలెను. ఇటుకల వలెనే క్రింది వరుస అతుకులపై పై వరుస సంచి నడుమ రావలెను. ఒక వరుస పూర్తియైన పిమ్మట దిమ్మిసతో కొట్టవలెను. మొదట మెత్తని చప్పుడగును, మన్ను బిగిసిన కొలది గట్టి మ్రోత వచ్చును. ఆ మ్రోత వచ్చువరకు ఆపరాదు. అటుపై రెండు పేటలు ముళ్ళతీగ పరచి, తరువాతి వరుస పేర్చవలెను. వరుస వరుసకు మట్టము చూచుచు, దారమునకు గుండు కట్టి నిలువు చూచుచు పోవలెను.

ద్వారము, కిటికీలు వచ్చు చోట గట్టి చెక్కపెట్టెలు నిలిపి వాటి చుట్టును పేర్చి, పైన అడ్డకమ్మి పడిన పిమ్మట పెట్టెలను తీయవలెను. మూలకు మూడడుగులలోపల ఏ సందును విడువరాదు. 12 అడుగులకు మించిన గోడకు నడుమ ఒక ఆనుగోడ కావలెను. దీపపు తీగలకు గొట్టములు, మేకులు దిగుటకు చెక్క ముక్కలు కట్టుచున్నప్పుడే పెట్టవలెను. కట్టిన తరువాత ఈ గోడను తొలుచుట సులభము గాదు.

గోడ తలపై నాలుగు వైపులను కలిపి ఇనుప చువ్వలతో సిమెంటు కాంక్రీటు పట్టీ పోయవలెను. కప్పు బరువును గోడలన్నిటికిని సమముగా పంచునదియు, గోడలను విడిపోకుండ కట్టియుంచునదియు ఈ పట్టీయే. కప్పును దీనికే బిగింపవలెను. ఇక్కడ చువ్వలలో మిగుల్చువాడు తన ఇంటిని తానే కూల్చుకొనువాడు.

పూతకు మొదట ఎర్రమన్ను, ఇసుక, సన్నగా కోసిన గడ్డి కలిపి నాననిచ్చి తగినంత మందముగా పొరపొరగా వేసి, పైన సున్నపు పూత పూయవలెను. సంచిపై నేరుగా సిమెంటు పూసిన బీటలువారి, లోపలి చెమ్మను బయటికి పోనీయదు. మట్టి పూత విషయమున మేస్త్రీ కంటె మన తల్లులు ఎక్కువ తెలిసినవారు. పేడయు ఎర్రమన్నును కలిపి అలికిన చేతులు ఇంకను మన ఇండ్లలో గలవు. ఆ చేతులున్నప్పుడే మన పిల్లలు నేర్చుకొనుట మంచిది.

ఒక గది లెక్క

వ్యాపారికి లెక్క లేనిదే నమ్మకము కుదరదు. లోపల 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గల ఒక గదిని తీసికొందము. నింపి కొట్టిన సంచి సుమారు 20 అంగుళముల పొడవు, 15 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల మందము వచ్చుననుకొందము. గోడల నడిమి కొలత 49 అడుగులు. వరుసలు 22. ఒక ద్వారమును రెండు కిటికీలును తీసివేసిన సుమారు 600 సంచులు కావలెను. ముళ్ళతీగ సుమారు 2000 అడుగులు. బిగిసిన మన్ను సుమారు 500 ఘనపుటడుగులు, అనగా రమారమి 25 టన్నులు. ఇదే గదికి తొమ్మిదంగుళముల ఇటుక గోడ కట్టిన సుమారు 4000 కాల్చిన ఇటుకలును, వాటి నడుమ సిమెంటును కావలెను. ఆ ఇటుకలును, ఆ సిమెంటును మనకు మిగులును.

కాని లెక్క పుస్తకమునకు రెండు ప్రక్కలుండును. జమ వ్రాసి ఖర్చు వ్రాయనివాడు దివాలా తీయును. ఖర్చు ప్రక్కన మొదటిది చాకిరి. 25 టన్నుల మన్ను చేతులతో ఎత్తి నింపి కొట్టవలెను. కుటుంబమువారును బంధువులును ముయ్యి పద్ధతిని, అనగా ఒకరి పనికి ఒకరు బదులు చేసికొనుచు కట్టినప్పుడే ఇందు లాభము. అంతయు కూలికిచ్చి చేయించిన లాభములో హెచ్చు భాగము కూలికే పోవును. రెండవది స్థలము. ఈ గది బయటి కొలత ప్రకారము ఆక్రమించునది సుమారు 181 చదరపుటడుగులు, అందు గోడలకే 61 పోవును. అనగా మూడవ వంతు. పల్లెలో స్థలమున్నవారికి ఇది చిక్కు గాదు. మన పాత వీధులలోని ఇరుకు ఇండ్లకు ఇది తగదు. మూడవది కప్పు. సంచులు కప్పు ఖర్చును ఒక్క రూపాయియు తగ్గింపవు. గోడ చౌకయైనంత మాత్రమున ఇల్లంతయు అంత చౌకయగునని ఎవరైన చెప్పిన నమ్మకుడు.

పాత సామాను

కప్పు ఖర్చును తగ్గించునది పాత సామాను. నేడు మన వీధులలో పాత మిద్దెలు విప్పుచున్నారు. తాతలనాటి టేకు దూలములు, చెక్కిన ద్వారబంధములు, ఇత్తడి గుబ్బల తలుపులు, కడప బండలు, మంగుళూరు పెంకులు బండ్లకెత్తి తూకమునకు అమ్ముచున్నారు. అమ్మిన వారము దినములకే క్రొత్త ఇంటికి నాసి తలుపులు హెచ్చు వెలకు కొనుచున్నారు. ఇది నాకు వ్యాపారముగా గూడ కనబడదు.

ఇంగ్లాండున జన్మించి 1945లో భారతదేశమునకు వచ్చి, తరువాత తిరువనంతపురమున స్థిరపడి 2007లో దివంగతుడైన లారీ బేకరు, కూల్చిన ఇండ్ల తలుపులు, కిటికీలు, పెంకులు, గాజు సీసాలు సైతము ఏరి తన కట్టడములలో వాడెను. కాంక్రీటు కప్పు అడుగు భాగమున పాత పెంకులను ఇమిడ్చి కాంక్రీటును మిగుల్చు విధానమును మన దేశమున ప్రచారము చేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన కట్టడములను చూచి పేదల ఇండ్లని యెవరును ముఖము త్రిప్పుకొనలేదు. ధనికులును అట్టివే కావలెనని కోరిరి.

అయినను పాతదంతయు పనికివచ్చునది గాదు. దూలమును సుత్తితో కొట్టి చూడుడు. బోలు చప్పుడైన లోపల చెదలు తినినది. తుప్పు పట్టి పొరలు రాలుచున్న చువ్వలను తలపట్టీలో వాడరాదు. పాత సిమెంటు రేకులలో రాతినార యుండును. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేయునది గనుక వాటిని కోయరాదు, పగులగొట్టరాదు. పాత రాళ్ళు, ఇటుక ముక్కలు, కాంక్రీటు ముక్కలు మాత్రము నిర్భయముగా పునాది కందకమునకు పంపవచ్చును. కప్పు ఏదైనను చూరు గోడ కంటె రెండడుగులు బయటికి రావలెను. నెత్తి తడవరాదను మాటకు అర్థమిదియే.

అనుమతి సంగతి

మట్టి కట్టడములు భూకంపమునకు ఓర్చునట్లు కట్టుటను గూర్చి మన దేశమున ప్రమాణపత్రము గలదు. దాని సంఖ్య 13827, వెలువడినది 1993లో. కాని అది సంచుల గోడను ఉద్దేశించి వ్రాసినది గాదు. కాబట్టి ప్రభుత్వపు గృహసహాయము కోరువారును, బ్యాంకు అప్పు కోరువారును ఇట్టి గోడకు ఒప్పుకొందురో లేదో ముందుగానే వ్రాతమూలకముగా అడుగవలెను. పురపాలక సంఘ సరిహద్దులో నున్నవారు నమూనాకు అనుమతి లేనిదే మొదటి గంప మన్ను గూడ ఎత్తరాదు. సహాయము వచ్చునని నమ్మి ఇల్లు కట్టిన పిమ్మట రాదనిన, ఆ బీదవాడు ఎవరితో చెప్పుకొనును?

నా ప్రతిపాదన

అర్జీ పెట్టిన వారిలో ఒకామెతో ఈ సంచుల ఇంటి సంగతి చెప్పినప్పుడు ఆమె నన్నొక ప్రశ్న అడిగినది. "అన్నా, మీరైతే ఈ ఇంట్లో ఉంటారా?" అన్నది. ఆమె చదువుకొనినది కాదు. కాని మన కార్యవర్గమున నెలల తరబడి జరిగిన చర్చలలో ఎవరును అడుగని ప్రశ్న అది. సహాయము చేయువాడు, పొందువాడు అను భేదము మన మధ్య లేకపోయిన యెడల, ఆ ప్రశ్నకు మనము నోటితో గాక చేతితో బదులు చెప్పవలెను.

కావున నా ప్రతిపాదన ఇది. ఏ అర్జీదారునికిని ఇట్టి ఇల్లు కట్టుకొమ్మని చెప్పక మునుపు, అనుమతి తీసికొని, సంఘపు స్వంత స్థలమున ఇప్పుడు చెప్పిన కొలతలతో ఒక గది కట్టుదము. ఆదివారపు తెలుగు తరగతి పిల్లలను ఆ గదిలోనే కూర్చుండబెట్టుదము. మన పిల్లలను కూర్చుండబెట్టుటకు జంకు గది యైనచో, అది పేదవాని పిల్లలకును తగదు. పునాదిని, తలపట్టీని, కప్పును అనుభవజ్ఞుడైన ఇంజనీరు చూచి ఒప్పుకొనిన పిమ్మటనే మీదికి పోవలెను. ఒక నిండు వానకాలము గడువవలెను. గోడ అడుగున చెమ్మ గీత ఎక్కినదా, మూలల బీటలు వచ్చినవా, కప్పు కారినదా, వేసవిలో లోపలి వేడి బయటికంటె ఎంత తగ్గినది, ఈ నాలుగింటిని ఒక పుస్తకమున వ్రాయవలెను. ఒక్కొక్క సంచి మొదలు ఒక్కొక్క కూలి వరకు అయిన ఖర్చును, తేలిన ఫలితమును, మంచియైనను చెడ్డయైనను, ఈ వారపత్రికలో ప్రకటింపవలెను. ఫలితము బాగున్న, అర్జీదారులలో స్వంత స్థలము గలవారిని పిలిచి చూపుదము. బాగుండని యెడల, ఉన్న డబ్బుతో పాత మిద్దెలకు చౌడు వేయించి, పునాదుల చుట్టును నీరు పోవు కాలువలు తీయించుదము. అదియు చిన్న సహాయము గాదు.

దీనికి మీ నుండి కోరునవి మూడు. ఇండ్లు విప్పుచున్నవారు ఒక ద్వారబంధమునో, రెండు దూలములనో తూకమునకు వేయక ముందు సంఘమునకు కబురు చేయవలెను. యువకులు కొన్ని ఆదివారములు దిమ్మిస పట్టుటకు రావలెను. పూత వేయు దినమున తల్లులు వచ్చి పిల్లలకు చేయి పట్టి నేర్పవలెను. మన కన్నడ ఇరుగుపొరుగువారిని గూడ పిలుతము. వారి మాళిగెయు మన మిద్దెయు ఒకే మంటివి గనుక ఈ విద్య ఉభయులకును చెందినది.

పిండి కొద్దీ రొట్టె యందురు. మన పిండి కొంచెమే. కాని కొంచెపు పిండితో చేసిన రొట్టె చిన్నది కావచ్చును గాని, మాడినది కానక్కరలేదు. గది చిన్నదైనను సరే, అడుగు తడవనిది, నెత్తి తడవనిది కట్టుదము. ఈ ప్రతిపాదనను ఆమోదించుటయో, దిద్దుటయో, త్రోసివేయుటయో మీ వంతు.